బంగారం తవ్విన చీమలు ఏ కొండమీదివి?

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ తన గ్రంథం మూడో భాగంలో ఒక వింత సంగతి రాశాడు. భారతదేశపు ఉత్తరపు అంచున, బాక్ట్రియా జనం తీరున బతికే తెగ ఒకటి ఉంది. వాళ్లకు దగ్గర్లోనే ఇసుకనేల. గుంటనక్క కంటే పెద్దవి, కుక్క కంటే చిన్నవి అయిన చీమలు అక్కడ బొరియలు తవ్వి మట్టిని పైకి ఎత్తిపోస్తాయి. ఆ మట్టిలో బంగారం ఉంటుంది. ఎండ మండిపోయే వేళకు చీమలు నేలలోపల దాక్కుంటాయి. అప్పుడు మనుషులు ఒంటెల మీద వెళ్లి, సంచులు నింపుకుని పరుగు లంకించుకుంటారు. చీమలు వాసన పట్టి తరుముకొస్తాయి. అందుకే కొత్తగా ఈనిన ఆడ ఒంటెను ఎక్కి వెళతారు. ఇంటి దగ్గర వదిలిన పిల్లను తలచుకుని అది ఎక్కడా ఆగదు.

హెరోడోటస్ భారతదేశం చూడలేదు. పారశీకులు చెప్పగా విన్నానని తానే రాశాడు. ఆయన్ను కట్టుకథల మనిషిగా కొట్టిపారేసినవాళ్లు ప్రాచీన కాలంలోనే ఉన్నారు. నక్కంత చీమ లేదు కాబట్టి కథ అబద్ధమని తేల్చేయడం తేలిక. కానీ పాత గ్రంథాలను, జంతుశాస్త్రాన్ని, కొండల భూగోళాన్ని ఒకచోట పెట్టి చూస్తే, ఇందులో చీమ తప్ప మిగిలినదంతా నిలబడగల కథేనని తెలుస్తుంది. ఆధారాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ఆధారం: కప్పం లెక్క

చీమల కథకు ముందు హెరోడోటస్ పారశీక చక్రవర్తి డరియస్ ఖజానా లెక్కలు ఇచ్చాడు. సామ్రాజ్యంలోని 20 పన్నుల మండలాల్లో ఆఖరిది భారతీయులది. మిగతా వాళ్లు వెండి కడితే వీళ్లు ఏటా 360 టాలెంట్ల బంగారు పొడి కట్టేవారు. ఇప్పటి కొలతల్లో అది 9 టన్నులకు పైమాటే. ఆ అంకె పెంచి చెప్పినదని అనుకున్నా, ‘పొడి’ అన్న మాట గమనించదగ్గది. గనిలో రాయి పగలగొట్టి తీసే బంగారం వేరు, ఇసుకలో నలుసులుగా దొరికే బంగారం వేరు. సింధు నది ఎగువ లోయల్లో నేటికీ ఇసుక కడిగి బంగారం ఏరుకునే కుటుంబాలు ఉన్నాయి. అంటే సరుకు నిజం, సరుకు రూపమూ నిజమే. అది ఎలా చేతికొచ్చిందో చెప్పే భాగమే తేలాలి.

రెండో ఆధారం: దుర్యోధనుడి వాంగ్మూలం

గ్రీకులకు పారశీకులు ఏదో తప్పు చెప్పారని సరిపెట్టుకోవడానికి వీలులేకుండా మన ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంది. మహాభారతం సభాపర్వంలో, రాజసూయానికి ధర్మరాజుకు వచ్చిన కానుకలను దుర్యోధనుడు కడుపుమంటతో తండ్రికి వర్ణించి చెబుతాడు. మేరువు, మందరం అనే పర్వతాల నడుమ శైలోదా నదీతీరంలో ఉండే ఖశులు, కుణిందులు, తంగణులు మొదలైనవాళ్లు పైపీలికమనే బంగారాన్ని తెచ్చారు. పిపీలికాలు, అంటే చీమలు, వెలికితీసిన బంగారమది. దాన్ని ద్రోణాలతో కొలిచి ఇచ్చారు. ద్రోణం ధాన్యం కొలిచే పాత్ర. దానితో కొలిచారంటే ఇదీ పొడి బంగారమే. ఈ శ్లోకానికీ హెరోడోటస్ కథకూ ఉన్న పోలికను సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఎత్తిచూపాడు.

ఇక్కడ ఒంటెలు లేవు, తరుముకొచ్చే భూతాలు లేవు. చీమల పరిమాణం గురించి ఒక్క మాట లేదు. కానుకల పట్టీలో ఒక సరుకు పేరు, అంతే. అలంకారాలన్నీ రాలిపోయాక మిగిలిన గింజ ఇది. ఉత్తరపు కొండల్లో బొరియలు తవ్వే ప్రాణి ఎత్తిపోసిన మట్టిలోంచి బంగారం వస్తుందన్న మాట హిమాలయాలకు ఇవతల కూడా వాడుకలో ఉంది. కాబట్టి ఈ చిక్కు ముడిపడింది గ్రీకుల దగ్గర కాదు, కొండల్లోనే.

మూడో ఆధారం: ప్రాణి గుణాలు

హెరోడోటస్ చెప్పిన గుణాలను వరుసగా పెడదాం. నక్కకూ కుక్కకూ మధ్య పరిమాణం. గుంపులుగా నివాసం. బొరియ తవ్వి మట్టిని వాకిట్లో కుప్పపోసే అలవాటు. ఎండవేళ నేలలోకి దూరిపోవడం. ఎత్తైన చల్లని ఎడారుల్లో ఈ నాలుగూ ఉన్న జంతువు ఒకటుంది. అదే మర్మాట్. లద్దాఖ్, బాల్టిస్తాన్ జనం దాన్ని ఫియా అంటారు. ఉడుతల కుటుంబంలో నేలమీద బతికే బరువైన ప్రాణి. పెద్దవి 9 కిలోల దాకా తూగుతాయి. పగటిపూట తిరుగుతుంది. ఉదయం, సాయంత్రం గడ్డి మేసి, ఎండ ముదిరితే లోపలికి పోతుంది. చలికాలమంతా నిద్రపోవాలి కనుక గడ్డకట్టే పొర కంటే లోతుకు, కొన్నిచోట్ల పలు మీటర్ల దాకా తవ్వుతుంది. తరతరాలుగా అవే బొరియలను వాడుతుంది కనుక వాకిట్లో మట్టి దిబ్బలు పెద్దవవుతాయి.

నేల అడుగున ఉన్నదాన్ని తవ్వే ప్రాణి పైకి తెచ్చి చూపుతుందన్న సంగతి మనకు కొత్త కాదు. పుట్టను చూసి నీటిజాడ కనిపెట్టే పద్ధతిని వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయంగా రాశాడు. పుట్టమట్టిని పరీక్షించి ఖనిజాల జాడ తీయడం నేటి భూరసాయన శాస్త్రంలోనూ ఉంది. చెదపురుగు మిల్లీగ్రాముల్లో చేసే పనిని మర్మాట్ కిలోల్లో చేస్తుంది. నది ఒకప్పుడు పరిచిన బంగారు ఇసుక పొర మెట్ట అడుగున ఉంటే, దాన్ని పైకి తేవడానికి ఈ జంతువుకు మించిన కూలీ లేదు.

నాలుగో ఆధారం: తెగ పేరు

హెరోడోటస్ తెగ పేరు చెప్పలేదు. సుమారు క్రీస్తుపూర్వం 300లో చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన మెగస్తనీస్ చెప్పాడు. ఆయన రాత మనకు స్ట్రాబో గ్రంథం ద్వారా దక్కింది. కొండల్లో ఉండే ‘దెర్దాయి’ అనే పెద్ద తెగ. వాళ్ల సీమలో 3,000 స్టేడియాల చుట్టుకొలత ఉన్న పీఠభూమి. దాని అడుగున బంగారం. తవ్వేవి చీమలు. తర్వాత రోమన్ రచయిత ప్లినీ కూడా అదే తెగను ‘దార్దే’ అన్నాడు. వీళ్లు దరదులు. మన పురాణాల్లో, కల్హణుడి రాజతరంగిణిలో కనిపించే దరదులే. గిల్గిత్, ఆస్తోర్, ద్రాస్ ప్రాంతాల్లో, లద్దాఖ్‌లోని దాహ్, హనూ ఊళ్లలో వాళ్ల వారసులు నేటికీ ఉన్నారు.

ఆ సీమ నడిమధ్యన, సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన దేవ్‌సాయి పీఠభూమి ఉంది. చెట్టు లేని విశాలమైన గడ్డి మైదానం, అడుగడుగునా మర్మాట్ బొరియలు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మిషెల్ పెసెల్ ఈ దారిలోనే వెతికాడు. దాహ్, హనూ ప్రాంతంలోని మినారో జనం తమ పూర్వీకులు మర్మాట్ల దిబ్బల మట్టిలోంచి బంగారం తీసేవారని చెప్పగా విని 1984లో పుస్తకం రాశాడు. వాళ్లు చెప్పిన దాన్‌సర్ మైదానం కాల్పుల విరమణ రేఖకు ఆనుకుని ఉంది. అక్కడికి చేరడం అప్పట్లో కుదరలేదు. 1996లో, ఆ మైదానాన్ని చూశామని, చిక్కు విడిందని ప్రకటించాడు. పారశీకంలో మర్మాట్‌ను కొండచీమ అనడం వల్లే హెరోడోటస్ పొరబడ్డాడన్నది ఆయన వివరణ. అయితే సభాపర్వంలోనూ చీమే ఉంది కాబట్టి, ఆ వివరణ ఒక్కటీ చాలదు.

ఎదురు తిరిగే ఆధారాలు

మర్మాట్ పేరు 19వ శతాబ్దం నుంచే వినిపిస్తున్నా పండితులందరూ ఎందుకు ఒప్పుకోలేదు? సాక్ష్యాల్లో దానికి పొసగనివి ఉన్నాయి కనుక. వాటిని పక్కకు నెడితే న్యాయం కాదు.

అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్, చీమను చూడకపోయినా శిబిరానికి వచ్చిన దాని తోళ్లను చూశానన్నాడు. అవి చిరుత తోలులా ఉన్నాయన్నాడు. ఏ మర్మాట్‌కూ మచ్చలు లేవు. చీమల దృష్టి మళ్లించడానికి బంగారం ఎత్తుకెళ్లేవాళ్లు మాంసం ముక్కలు వేసేవారని మెగస్తనీస్ రాశాడు. మర్మాట్ గడ్డి తినే ప్రాణి, మనిషిని చూస్తే కీచుమని అరిచి బొరియలో దూరుతుంది కానీ తరమదు. ఎరిత్రే నగరంలోని గుడిలో భారతీయ చీమ కొమ్ములు వేలాడుతున్నాయని ప్లినీ రాశాడు. మర్మాట్‌కు కొమ్ములెక్కడివి?

వీటికంటే గట్టిది మరొకటుంది. చీమలు చలికాలంలో తవ్వుతాయని మెగస్తనీస్, ప్లినీ ఇద్దరూ చెప్పారు. మర్మాట్ ఏడాదిలో సగానికి పైగా నిద్రలోనే గడుపుతుంది. చలికాలంలో దిబ్బలు మంచుకింద ఉంటాయి. ఈ ఒక్క మాటతో మర్మాట్ కేసు కూలిపోవాలి.

శీతాకాలపు గని

దీనికి జవాబు 1867లో దొరికింది. కుమావూఁ కొండల్లోని మిలం ఊరి పండిత్ నైన్ సింగ్, బ్రిటిష్ సర్వే అధికారి మాంట్‌గోమరీ పంపగా, వేషం మార్చుకుని పశ్చిమ టిబెట్‌లోని థోక్ జాలుంగ్ బంగారు క్షేత్రానికి చేరాడు. సుమారు 16,000 అడుగుల ఎత్తు. గాలి తట్టుకోలేక కూలీలు గోతులు తవ్వి, వాటిలో జడలబర్రె వెంట్రుకల గుడారాలు దించుకుని ఉన్నారు. ఒంటినిండా బొచ్చు తోళ్లు. కాపలాకు భారీ టిబెటన్ కుక్కలు. అన్నిటికంటే ముఖ్యమైనది, అక్కడ పని చలికాలంలోనే ఎక్కువ. వేసవిలో 300 ఉండే గుడారాలు చలికాలంలో 600కు చేరుతాయి. నేల గడ్డకట్టి గోతుల గోడలు కూలకుండా నిలుస్తాయి కనుక.

ఈ యాత్ర నివేదిక చదివిన డేనిష్ చరిత్రకారుడు ఫ్రెడరిక్ షియెర్న్, చీమలంటే తోళ్లు కప్పుకున్న టిబెటన్ గని కూలీలేనని వాదించాడు. మచ్చల తోలు, కొమ్ములు, మాంసం, తరిమే కుక్కలు, చలికాలపు తవ్వకం అన్నీ ఆ వాదంలో చక్కగా ఇమిడిపోతాయి. కానీ వాకిట్లో కుప్పపోసే మట్టి, నక్క పరిమాణం, ఎండకు దాక్కోవడం అందులో ఇమడవు. గని కూలీ ఎండకు భయపడడు.

రెండు వాదాలూ ఒకదాన్నొకటి ఓడించాలని చూశాయి. నా దృష్టిలో ఓడించనక్కర్లేదు. హెరోడోటస్‌లో ఉన్న గుణాల్లో తరుముకు రావడం ఒక్కటి తప్ప అన్నీ మర్మాట్‌వే. శీతాకాలం, మాంసం, తోళ్లు, కొమ్ములు ఆయన దగ్గర లేవు. అవి నూట ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన మెగస్తనీస్ నుంచీ, అలెగ్జాండర్ దండు నుంచీ, ఆ పైన ప్లినీ నుంచీ చేరినవి. అంటే ముందు ఒక కథ ఉంది. దానిమీద, వేరే చోటి బంగారు గనుల కబుర్లు తర్వాత పేరుకున్నాయి. కాలక్రమం చూస్తే పొరలు విడిపోతాయి.

ఏ మర్మాట్?

ఇంతవరకు వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మర్మాట్ అంటే ఒకే జంతువు కాదు. ఈ ప్రజాతిలో 15 జాతుల దాకా ఉన్నాయి. హిమాలయాలవైపు రెండున్నాయి. ఆ రెంటిని విడదీయకపోతే సగం చిక్కే విప్పినట్టు.

మొదటిది హిమాలయన్ మర్మాట్, శాస్త్రీయంగా మార్మోటా హిమాలయానా. కాఠ్మాండూలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉంటూ జంతువులను వర్ణించిన బ్రయాన్ హాడ్జ్‌సన్ 1841లో దీనికి పేరు పెట్టాడు. రెండేళ్లకు ఆయనే ‘హేమాచలానస్’ అని ఇంకో పేరు పెట్టాడు. 1871లో ఫ్రెంచి శాస్త్రవేత్త మిల్న్ ఎడ్వర్డ్స్ చైనా వైపు నమూనాలకు ‘రోబస్టస్’ అన్నాడు. తర్వాత కొందరు దీన్ని రష్యా, కజకిస్తాన్ స్టెప్పీల బొబాక్ మర్మాట్‌లో ఒక ఉపజాతిగా కలిపేశారు. ఇప్పుడు మళ్లీ వేరు జాతిగానే లెక్క. ఒళ్లు ముదురు గోధుమ రంగు, ముఖం, ఛాతీ మీద పసుపు మచ్చ. తోక పొట్టి, 12 నుంచి 15 సెంటీమీటర్లు.

రెండోది పొడవుతోక మర్మాట్, మార్మోటా కాడేటా. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు విక్టర్ జాక్‌మోఁ కాశ్మీర్ ప్రయాణాల్లో సేకరించాడు. 31 ఏళ్లకే 1832లో బొంబాయిలో కన్నుమూశాడు. ఆయన సేకరణ ఆధారంగా 1840లలో ఇసిడోర్ జాఫ్రా సెంటిలేర్ దీన్ని వర్ణించాడు. దీని తోక 18 నుంచి 27 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రంగు ఎరుపు కలిసిన బంగారు వన్నె. రెండో యార్కండ్ దౌత్య యాత్రలో ఫెర్డినాండ్ స్టొలిచ్కా సేకరించిన నమూనాలను చూసి, 1875లో బ్లాన్‌ఫర్డ్ పామీర్ వైపు వాటికి ‘ఆరియస్’, అంటే బంగారుది, అని పేరు పెట్టాడు. అప్పటికి స్టొలిచ్కా లేడు. తిరుగు ప్రయాణంలో 1874 జూన్‌లో లద్దాఖ్‌లో మరణించాడు. ఈ జంతువుల జాబితా వెనుక ఇలాంటి ప్రాణాలున్నాయి.

చూడటానికి దగ్గరి చుట్టాల్లా ఉన్నా ఈ రెండూ అక్కాచెల్లెళ్లు కావు. 1999లో స్కాట్ స్టెపన్ బృందం మైటోకాండ్రియా జన్యువు ఆధారంగా మర్మాట్ల వంశవృక్షం గీసింది. అందులో పొడవుతోక మర్మాట్‌కు అతి దగ్గరిది పశ్చిమ తియాన్‌షాన్ కొండల్లోని మెంజ్‌బియర్ మర్మాట్. హిమాలయన్ మర్మాట్ బంధుత్వమేమో బొబాక్, మంగోలియా తర్బగాన్ల గుంపుతో. ఒకటి మధ్య ఆసియా నుంచి, ఇంకొకటి టిబెట్ పీఠభూమి మీదుగా, రెండు వేర్వేరు శాఖలు ఈ కొండల్లో ఎదురుపడ్డాయి.

పటం చెప్పే తీర్పు

వాటి పటాలను పక్కపక్కన పెట్టండి. పొడవుతోక మర్మాట్ కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, అఫ్గానిస్తాన్, ఉత్తర పాకిస్తాన్ల మీదుగా వచ్చి, కాశ్మీర్ దాటి ద్రాస్, సురు లోయల దాకా ఉంటుంది. ఖుంజెరాబ్‌లో మనుషులు దగ్గరగా అధ్యయనం చేసినది ఇదే. హిమాలయన్ మర్మాట్ లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ నుంచి స్పితి, ఉత్తరాఖండ్, నేపాల్, సిక్కిం, భూటాన్, టిబెట్, చైనాలోని ఛింగ్‌హై దాకా పరచుకుంది. రెంటి సరిహద్దూ సరిగ్గా దరదుల సీమకు తూర్పు అంచున పడుతుంది.

ఇప్పుడు పాత సాక్ష్యాలను ఈ పటంమీద పెడదాం. బాక్ట్రియా తీరున బతికే భారతీయులు అన్నాడు హెరోడోటస్. దెర్దాయి అన్నాడు మెగస్తనీస్. డరియస్ సూసాలో వేయించిన శాసనంలో, తన రాజభవనానికి బంగారం సార్దిస్ నుంచి, బాక్ట్రియా నుంచి వచ్చిందని ఉంది. ఈ మూడూ చూపేది పడమర, పొడవుతోక మర్మాట్ నేల. పెసెల్ తన ప్రాణిని హిమాలయన్ మర్మాట్ అన్నాడు. కానీ దేవ్‌సాయి గురించి రాసినవాళ్లలోనే కొందరు దాన్ని హిమాలయన్ అంటే, కొందరు పొడవుతోకదంటారు. పటం చూస్తే ఇది రెండు జాతులు కలిసే చోటుకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఆ తడబాటు సహజమే. గ్రీకు కథలోని ప్రాణి ఎర్ర బంగారు రంగుదే అని నాకు బలంగా తోస్తున్నది.

దేవ్‌సాయి ఒక్కదానికే ఈ కథను కట్టేయడం కూడా కుదరదు. మెగస్తనీస్ చెప్పిన 3,000 స్టేడియాలంటే 500 కిలోమీటర్లకు మించిన చుట్టుకొలత. దేవ్‌సాయి జాతీయవనం 3,584 చదరపు కిలోమీటర్లు. అంత నేలను గుండ్రంగా గీస్తే చుట్టుకొలత 210 కిలోమీటర్ల చిల్లరే. ఆయన విన్నది ఒక మైదానం గురించి కాదు, ఒక సీమ గురించి.

సభాపర్వం సంగతి వేరు. కుణిందుల నాణేలు సట్లెజ్, యమున ఎగువ లోయల వైపు, ఇప్పటి హిమాచల్, ఉత్తరాఖండ్ ప్రాంతాల్లో దొరికాయి. తంగణులది గఢ్‌వాల్ వైపు. ఆ కనుమలు దాటితే పశ్చిమ టిబెట్, దాని బంగారు క్షేత్రాలు, వాటి నడుమ హిమాలయన్ మర్మాట్ బొరియలు. నైన్ సింగ్ మిలం నుంచి వెళ్లిన దారి కూడా అటే. పొడవుతోక మర్మాట్ ఆ కొండల్లో లేదు. కాబట్టి దుర్యోధనుడు విన్న పైపీలికం వెనుక ప్రాణి ఉన్నట్టయితే అది హిమాలయన్ మర్మాటే కావాలి.

ఒకే కథ రెండు దేశాలకు పాకిందని ఇన్నాళ్లూ అనుకున్నాం. పటం అంటున్నది ఇంకోటి. రెండు జాతులు, రెండు బంగారు సీమలు, రెండు జనసమూహాలు. ఒకే రకమైన నేలలో ఒకే రకమైన పని చేసే ప్రాణులను చూసి, ఒకే పోలికకు చేరుకున్నారు. కొండవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు కళ్లతో చూసి గుర్తుపట్టిన ప్రకృతి సూత్రాన్ని రాజధానుల్లో రాసుకున్నవాళ్లు తమకు తెలిసిన ప్రాణి పేరుతో అర్థం చేసుకున్నారు.

ఈ తీర్పును పరీక్షకు పెట్టవచ్చు కూడా. దాన్‌సర్, దేవ్‌సాయి దిబ్బల మట్టిలో బంగారం ఎంతో కొలవవచ్చు. ఆ దిబ్బల్లో రాలిన వెంట్రుకల జన్యువు చదివితే అక్కడి జాతి ఏదో తేలిపోతుంది. రెండు పనులూ ఒకే వేసవిలో అయ్యేవే. కావలసిందల్లా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న శాస్త్రవేత్తలు ఆ దిబ్బల దగ్గరకు వెళ్లగలగడం. పాత గ్రంథాన్ని నమ్మాలా వద్దా అని వాదించుకోవడం కంటే, అది చెప్పిన ప్రాణిని జాతి పేరుతో సహా గుర్తించడమే దానికి మనం ఇవ్వగల అసలు గౌరవం.